చూసి గీయడమూ చదువే

మహిళా శిక్షణ కేంద్రమంటే కుట్టుమిషన్లు, పచ్చళ్లు, అప్పడాలు. చిత్రలేఖనం నేర్పుదామంటే మన సంఘాల్లోనే ‘అది తీరిక ఉన్నవాళ్ల పని’ అంటారు. అందులోనూ పాత బొమ్మను చూసి మళ్లీ గీయడమంటే మరీ చిన్నచూపు. ఈ రెండు అభిప్రాయాలతోనూ నాకు పేచీ ఉంది.

నేను కరీంనగర్‌లో తైలవర్ణాలు నేర్చుకున్నది రాజా రవివర్మ 1893లో వేసిన ‘దేర్ కమ్స్ పాపా’ (అదుగో నాన్న వస్తున్నాడు) అనే గృహదృశ్యానికి నకలు తీస్తూ. అచ్చుబొమ్మ మీదా కాన్వాసు మీదా గళ్లు కొట్టుకుని, ముందు పలుచని మట్టిరంగుతో వెలుగునీడలు దిద్ది, ఆపైన అసలు రంగులు వేయాలి. అవిసెనూనె కలిసిన రంగు ఆరడానికి రోజులు పడుతుంది. అసలు చిక్కు అక్కడే. రెండు గదుల ఇంట్లో తడి కాన్వాసును ఎవరి చెయ్యీ తగలకుండా వారం రోజులు ఎక్కడ పెట్టాలి? ప్రతిభ మాట తర్వాత, నాకొక మూల దొరకడానికే నెల పట్టింది.

ఆ చిత్రంలో తల్లి బిడ్డనెత్తుకుని పక్కకు చూపిస్తుంటుంది. తండ్రి బొమ్మలో లేడు. అయినా ఆమె చూపూ చెయ్యీ అతని వైపే. తల్లిగా నిలబడింది రవివర్మ కూతురే. ఆ కుటుంబాలది మరుమక్కత్తాయం, అంటే వంశమూ ఆస్తీ తల్లివైపు నుంచి నడిచే పద్ధతి. అలాంటి ఇంటిని తండ్రి రాక కోసం ఎదురుచూసే ఇల్లుగా ఎందుకు చూపించినట్టు? ఆ చెయ్యి పదిసార్లు గీసి చెరిపాక గానీ ఈ ప్రశ్న నాకు తట్టలేదు. (రవివర్మ చెల్లెలు మంగళాబాయి కూడా చిత్రకారిణే. ఆమె పేరు మనలో ఎందరు విన్నాం?)

నకలు తీయడం స్త్రీలకు కొత్త కాదు. పారిస్‌లోని ప్రభుత్వ కళాశాల ఎకోల్ దె బోజార్ 1897 దాకా స్త్రీలను చేర్చుకోలేదు. బెర్త్ మోరిసో లాంటివారు లూవ్ర్ మ్యూజియంలో పాత చిత్రాల ముందు కూర్చుని నేర్చుకున్నారు. లండన్ రాయల్ అకాడమీని 1768లో స్థాపించినవారిలో ఇద్దరు స్త్రీలున్నారు. 1771-72లో జొఫానీ ఆ సభ్యులను ఒకే గదిలో చేర్చి చిత్రించాడు. ఆ గదిలో నగ్నంగా మగ మోడళ్లున్నారు కనుక ఆ ఇద్దరినీ గోడకు వేలాడే పటాలుగా మార్చాడు!

‘గీ బొమ్మలేస్తే ఏమొస్తదక్కా?’ అని బీడీలు చుట్టే ఒక చెల్లె అడిగింది. న్యాయమైన ప్రశ్న. 2016 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న నిర్మల్‌నే చూడండి. అజంతా కుడ్యచిత్రాలూ మొగలాయి సూక్ష్మచిత్రాలూ చూసి కొయ్యపలకల మీద వేయడం అక్కడ బతుకుతెరువు. అయితే ఆ పటం కొని గోడకు తగిలించేవాళ్లలో, వేసిన చెయ్యి ఎవరిదని అడిగేవాళ్లు అరుదు.

అందుకే కుట్టుమిషన్ల పక్కన రెండు ఈజిళ్లు పెట్టమంటున్నాను. రంగు ఆరేదాకా తాళం వేసుకోగల గది ఒకటి. నకలే అయినా, అసలు చిత్రకారుడి పేరు కింద వేసినామె పేరూ ఉండాలి.