ఆగడం కూడా సాధనలో భాగమే

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో ఏటా ఆగస్టులో జరిగే పరుగు కోసం ఉద్యోగాలు చేసుకుంటూనే తెల్లవారుజామున సాధన చేసేవారిని చూస్తే సంతోషమే. కాని కాలు నొప్పి పుడితే మాత్ర మింగి పరుగెత్తడాన్ని నేను ఒప్పుకోను.

మోకాలి కింద ముందు ఎముక పొడవునా నొప్పి ఉండి, విశ్రాంతితో తగ్గితే అది సాధారణంగా ఎముక పైపొర ఒత్తిడికి గురవడం వల్ల వచ్చేదే. వేలితో నొక్కితే ఒకేచోట చురుక్కుమని, నడిచినా, పడుకున్నా నొప్పి వదలకపోతే ఎముకలో సన్నని పగులు ఉండవచ్చు. మొదట్లో అది ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. మానడానికి తరచు 6 నుండి 8 వారాలు పడుతుంది.

మాత్ర నొప్పిని కప్పుతుంది గాని పగులును అతకదు. పైగా ఒంట్లో నీరు తగ్గినప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి మూత్రపిండాలకు హాని చేయగలవు.

"ఇన్నాళ్ల కష్టం వృథా" అని దిగులుపడకండి. డాక్టరు అనుమతిస్తే ఈత, సైకిల్ దమ్మును నిలబెడతాయి. తరువాత నడకతో మొదలుపెట్టి మెల్లగా పరుగుకు రండి.

ఇంట్లోవారికి నా మనవి: ఆగినవారిని ఎగతాళి చేయకండి. పోటీ వచ్చే ఏడాదీ ఉంటుంది. ఆ కాళ్లు జీవితాంతం కావాలి.