గుట్టకు పచ్చరంగు పూయవలెనా?

కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడినవి. నూరు సంవత్సరములకు పైగా వెలికి తీసిన బంగారము ఎచ్చటెచ్చటికో తరలిపోయినది. రాతిని పిండిచేసి సైనైడు ద్రావణముతో బంగారమును వేరుచేయగా మిగిలిన ఇసుక మాత్రము బూడిదవన్నె గుట్టలై ఇచ్చటనే నిలిచినది. గాలి వీచినప్పుడు ఆ ధూళి ఇండ్లలోనికి వచ్చుట ఈ ప్రాంతపు తల్లులు ఎరుగనిది కాదు.

ఈ పత్రికకు విద్యార్థులు పంపు చిత్రములలో ఆ గుట్టలు తరచుగా పచ్చగా కనిపించును. వాటి ముందొక సెలయేరు, వెనుక ఉదయించు సూర్యుడు. ముచ్చటగా ఉన్నవని మేమును మెచ్చుకొంటిమి. ఆ మెప్పు తగినదేనా యని ఇప్పుడు సందేహము కలుగుచున్నది.

గనులవలన చెడిన నేల విషయమున కళాకారుడు ఏమి చేయవలెనను ప్రశ్న అన్యదేశములలోను పుట్టినది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున వింటన్‌డేల్ అను చిన్న బొగ్గుగనుల ఊరు కలదు. పాడుపడిన గనినుండి ఇనుము కలిసిన ఆమ్లజలము అచ్చటి ఏటిలోనికి పారుచుండెడిది. 1994లో అలన్ కాంప్ అను చరిత్రకారుడు పూనుకొని భూజలశాస్త్రజ్ఞుని, శిల్పిని, ఉద్యాన నిర్మాతను ఒకచోట చేర్చెను. 35 ఎకరముల స్థలమున వరుసగా మడుగులు త్రవ్వి, చెడునీరు ఒకదానినుండి వేరొకదానికి సాగుచు తేటపడునట్లు చేసిరి. నీరు శుద్ధియగు క్రమమును తెలుపునట్లుగా, ఆకులు రాలు కాలమున ఎరుపునుండి ఆకుపచ్చ వరకు వన్నెలు మారు చెట్లను గట్లపై నాటిరి. మూసిన గని ద్వారముకడ నల్లరాతిపై గని పనివారల రూపములను నిలిపిరి. నీటిని శుద్ధిచేయు పనిలోనే అందము పుట్టినది. శ్రమించినవారి జ్ఞాపకమును నిలిచినది.

ఒహాయో విశ్వవిద్యాలయమున జాన్ సాబ్రా అను చిత్రకారుడును, గై రీఫ్లర్ అను ఇంజనీరును కలిసి, గనినీటిలోని ఇనుమును వేరుచేసి దానితో చిత్రకారులకు రంగులు తయారుచేసిరి.

ఇందు ఒక ప్రమాదమును కలదు. రాబర్ట్ మారిస్ అను శిల్పి 1979లో సియాటిల్ నగర సమీపమున, విడిచిపెట్టిన కంకర గోతిని సోపానములుగా తీర్చి కళాస్థలముగా మార్చెను. కళాకారులు వెనుకనే వచ్చి నేలను తీర్చిదిద్దుదురన్నచో, దానిని పాడుచేయువారికి పని మరింత సులభము కాదా యని ఆయనయే ప్రశ్నించెను. అది మనము మరువరాని ప్రశ్న.

చిత్రము విషమును తొలగింపజాలదు. ఆ బాధ్యత ప్రభుత్వముది, శాస్త్రజ్ఞులది. కాని ఉన్నదానిని ఉన్నట్లు చూపుట చిత్రకారుని వశమున నున్న పని. గుట్టకు పచ్చరంగు పూసినచో, ఇక బాగుచేయవలసినది ఏమియు లేదని చూచువారు తలంతురు.

కావున విద్యార్థులారా, బూడిదవన్నెను బూడిదవన్నెగానే చిత్రింపుడు. ఒహాయోవారివలె రంగు చేయుదమని ఆ ఇసుకను ముట్టకుడు. అది శాస్త్రజ్ఞుల పర్యవేక్షణలో జరుగవలసిన పని. దూరమునుండి చూచి గీయుడు. చిత్తూరు ప్రాంతమునుండియు తమిళసీమనుండియు వచ్చి ఈ గనులలో దిగినవారి కథలు మీ తాతలకు, అవ్వలకు తెలిసియుండును. అడిగి, చిత్రము క్రింద నాలుగు పంక్తులు తెలుగున వ్రాయుడు. తల్లిదండ్రులారా, ఇంత వికారముగా ఏల గీసితివని బిడ్డను కోపింపకుడు. అట్టి చిత్రములను మేము సంతోషముతో ప్రకటింతుము. పచ్చరంగును దాచియుంచుడు, ఆ గుట్టపై నిజముగా చెట్టు మొలచిన నాడు దానితో అవసరము కలుగును.