మందుల ఇంటిపేర్లు

ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక. ఇది తెలుగువారి ఆచారం. ఢిల్లీ దరఖాస్తులలో ఇది తలక్రిందులవుతుంది. ఆర్.కె. పురం ప్రభుత్వ నివాసాలలో కాపురముండే మనవారిలో, చివరనున్న మాటే వంశనామంగా నమోదై, తండ్రి ‘రావు’గాను, కొడుకు ‘కుమార్’గాను వేర్వేరు కుటుంబాలవారైన సందర్భాలు లేకపోలేదు. ఔషధలోకం మాత్రం ఈ విషయంలో ఉత్తరాది పక్షమే. అక్కడ ఇంటిపేరు చివరనే ఉంటుంది.

ప్రతి మందుకూ సాధారణంగా రెండు పేర్లు. ఒకటి తయారీదారు తన సరుకుకు పెట్టుకొన్న వ్యాపారనామం. రెండవది ఆ రసాయనానికి ప్రపంచమంతటా చెల్లే నామం. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఇటువంటి నామాల తొలి జాబితాను 1953లో ప్రకటించింది. ఒకే విధంగా పనిచేసే మందుల పేర్లకు ఒకే తోక ఉండడం ఈ పద్ధతిలోని సౌలభ్యం. నర్సింగు విద్యార్థులు ఔషధశాస్త్రంలో మొదట పట్టుకొనే ఆధారం ఈ తోకే. అనువాదమే వృత్తి అయిన నాకు ప్రత్యయాలపై మక్కువ ఎక్కువ. అయితే ఇది వట్టి మాటల ముచ్చట కాదు.

‘ఓలోల్’ కుటుంబాన్ని చూడండి. అటెనోలోల్, మెటోప్రోలోల్, ప్రోప్రనోలోల్ మొదలైనవి గుండెపై అడ్రినలిన్ ఒత్తిడిని తగ్గించి, దాని వేగాన్ని అదుపు చేస్తాయి. ప్రోప్రనోలోల్‌ను రూపొందించిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి లభించింది. ఉబ్బసం ఉన్నవారికి ఈ మందులు శ్వాసనాళాలను బిగించవచ్చును. చాలాకాలం వాడి హఠాత్తుగా మానివేయడం గుండెకు ప్రమాదకరం.

ఎనలాప్రిల్, రామిప్రిల్ ‘ప్రిల్’ వంశానివి. రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్ అనే పదార్థం తయారు కాకుండా ఇవి అడ్డుపడతాయి. బ్రెజిల్ దేశపు పాము విషంపై జరిగిన పరిశోధన ఈ వంశానికి పునాది. ఇవి వాడే కొందరిని పొడిదగ్గు వేధిస్తుంది. అప్పుడు వైద్యులు తరచు ‘సార్టాన్’ వంశానికి మారుస్తారు. లోసార్టాన్, టెల్మిసార్టాన్ ఆ పదార్థాన్ని పుట్టనిచ్చి, అది పనిచేసే చోటనే అడ్డుకొంటాయి. దగ్గు అరుదు. ఈ రెండు వంశాలూ గర్భిణులకు నిషిద్ధం.

‘సిలిన్’ తోక పెన్సిలిన్ సంతతిది. ఆంపిసిలిన్ పడనివారికి అమాక్సిసిలిన్ కూడా ప్రాణాంతకం కావచ్చును. సూది వేయబోయే ముందు నర్సు అడిగే ప్రశ్నను విసుక్కోరాదు. ‘సైక్లిన్’ సంతతికి మూలపురుషుడైన ఆరియోమైసిన్ 1948లో వెలుగు చూసింది. దానిని కనుగొన్న డగ్గర్ పనిచేసిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథి భీమవరంలో జన్మించిన మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. టెట్రాసైక్లిన్‌ను పాలతో మ్రింగితే పాలలోని కాల్షియంతో ముడిపడి, ఒంటికి సరిగా పట్టదు. చిన్నపిల్లల పళ్లకు అది మాయని రంగు పట్టిస్తుంది.

పోలికలు మోసగించడమూ కద్దు. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. అరిపిప్రజోల్ మానసిక వ్యాధికి ఇచ్చే మందు. వినడానికి అన్నదమ్ములు, నిజానికి బంధుత్వం లేదు. మరోవంక ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ పేర్లలో పోలిక లేకున్నా, చేసే పని ఒక్కటే. నొప్పిని కలిగించే పదార్థాలతోపాటు, కడుపు లోపొరను, మూత్రపిండాల రక్తప్రసారాన్ని కాపాడే పదార్థాలను కూడా అవి అణచివేస్తాయి. ‘ప్రిల్’ లేక ‘సార్టాన్’, మూత్రం జారీ చేసే మాత్ర వాడుతున్న వృద్ధుడు మోకాలినొప్పికని వీటిని జోడిస్తే మూత్రపిండాలు దెబ్బతినవచ్చును.

ఈ కాలనీలోనే, కుమారుని వద్ద ఉంటున్న ఒక పెద్దాయనకు లేచి నిలబడితే కళ్లు తిరగసాగాయి. నీరసమని ఇంటివారు గ్లూకోజు నీళ్లు పట్టించారు. నర్సింగు రెండవ సంవత్సరం చదువుతున్న మనుమరాలు సెలవులకు వచ్చి, ఆయన మందులన్నీ బల్లమీద పరచి, మాత్రల అట్టలను ఒక్కొక్కటిగా వెనుకకు త్రిప్పి చదివింది. రెండింటిపై టెల్మిసార్టాన్ అనే ఉంది. ఒకటి రాజమండ్రినుంచి వెంట తెచ్చుకొన్నది. మరొకటి ఇక్కడి వైద్యుడు వ్రాసినది. పాత మందు సంగతి ఈయన చెప్పలేదు, ఆయనకు తెలియలేదు.

“డబ్బా వేరు, రంగు వేరు. ఒకటెలా అవుతుందే అమ్మా?” అన్నాడాయన.

“పేర్లే రెండు, తాతయ్యా. మందు ఒక్కటే.”

ఆ సాయంత్రమే రెండు అట్టలనూ వైద్యునికి చూపించారు. ఆయన రక్తపోటు చూసి, ఒకదానిని కొట్టివేశారు. కొద్దిరోజులలో కళ్లు తిరగడం తగ్గింది. ఆమె తానుగా ఏ మాత్రనూ ఆపలేదు. గుర్తించి, చెప్పవలసినవారికి చెప్పింది. నర్సుకు నేర్పే చదువులో ఇది ముఖ్యభాగం.

ఊళ్లో ఒక వైద్యుడు, ఉద్యోగపుటూళ్లో మరొక వైద్యుడు ఉన్న కుటుంబాలు మనలో కొల్లలు. జలుబుమాత్రలోనూ, జ్వరపుమాత్రలోనూ పారసెటమాల్ ఉండవచ్చును. ఆరోగ్యవంతులైన పెద్దలకు కూడా రోజుకు నాలుగు గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు. కనుక ఇంట్లో పెద్దవారు వాడే ప్రతి మందు అసలు పేరు, మోతాదు, వేళ, పడని మందులు ఒక కాగితంపై వ్రాసి చొక్కా జేబులో ఉంచండి. ఏ ఊరి వైద్యుని వద్దకు వెళ్లినా ముందుగా ఆ కాగితం చూపించండి.