ముందద్దం మీద మంచు, వెనక గొట్టంలో పొగ

మా పెబ్బేరులో చలి ఎంతని చెప్పను! సంక్రాంతికి ముందు తెల్లవారుజామున పదమూడు, పద్నాలుగు డిగ్రీలకు దిగిందంటే చాలు, అందరి నెత్తినా మంకీ టోపీలే. శనివారం సంతకు గొర్రెలు, ఎడ్లు తోలుకొచ్చినవాళ్ళు నాలుగు పుల్లలు పోగేసి చలి కాచుకుంటారు. బండి అద్దం మీద మంచు తడి ఉంటే పాతగుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే సరి. లంబసింగిలాంటి కొండ ఊళ్ళను వదిలేస్తే, అద్దం మీద మంచు గడ్డకట్టి రాయిలా అతుక్కుపోవడం మన తెలుగునేల మీద చూసేది తక్కువే.

అయినా ఈ వారం ఆ సంగతే రాస్తున్నాను. ఎందుకంటారా? మా ఒక్క వీధిలోనే ముగ్గురు వదినమ్మలు ఈ చలికాలం అమెరికా ప్రయాణంలో ఉన్నారు. ఒకరు కూతురి పురుటికి, ఇద్దరు కోడళ్ళ పురుళ్ళకి. సూట్‌కేసులో శొంఠిపొడి, కరివేపాకు కారం, సకినాలు, పసిదానికి మెత్తని పాత చీర ముక్కలు అన్నీ సర్దుకుంటున్నారు. ఎన్ని కిలోలు రానిస్తారు, పచ్చడి సీసా ఎలా చుట్టాలి అని అడిగారే గానీ, అక్కడ కారు సంగతి ఒక్కరూ అడగలేదు. గడప దాటితే అక్కడ కారు తప్ప గతి లేదు. డాక్టరు దగ్గరికి, గుడికి, కూరగాయలకి పసిబిడ్డతో మీరు ఎక్కి కూర్చునేది ఆ బండిలోనే.

మా అమ్మాయి మిచిగన్‌లో ఉంటుంది. నేను అక్కడ రెండు చలికాలాలు గడిపాను. జనవరిలో రాత్రిపూట సున్నాకు ఏడెనిమిది డిగ్రీలు కిందికి పోవడం అక్కడ మామూలు. మనం అన్నిటినీ మంచు అనే అంటాం గానీ అక్కడ మూడు రకాలు. పైనుంచి దూదిలా రాలేది ఒకటి, పొగలా కమ్మేది ఒకటి, ఏమీ రాలకపోయినా తెల్లారేసరికి అద్దం మీద తెల్లగా పేరేది ఒకటి. ఈ మూడోది చూసి మొదట్లో ఎవరైనా ఆశ్చర్యపోతారు. రాత్రి ఆకాశంలో మబ్బు లేకుండా, గాలి కదలకుండా ఉంటే కారు అద్దం తన వేడినంతా పైకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుందట. చల్లని నీళ్ళు పోసిన ఇత్తడి చెంబు బయట చెమట పట్టినట్టు, గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. మన దగ్గరైతే అది తడిగానే ఉంటుంది. అక్కడ చేరింది చేరినట్టే గడ్డకడుతుంది. చెట్టు కిందో రేకుల షెడ్డు కిందో నిలిపిన బండికి తక్కువ పట్టేది అందుకే.

మనకు ముందుగా తోచే ఉపాయం వేడినీళ్ళు. పక్కింటికి వచ్చిన ఒక పెద్దావిడ కెటిల్‌లో నీళ్ళు మరిగించి తెచ్చి అల్లుడి కారు అద్దం మీద పోయబోతుంటే మా అమ్మాయి కిటికీలోంచి చూసి ఉరికింది. "ఆంటీ, ఆగుండ్రి! పోయకుండ్రి, అద్దం పలుగుతది!" అని. వెలుగుతున్న లాంతరు చిమ్నీ మీద చన్నీటి చుక్క పడితే టప్పున పగలడం మన తరం చూసిందే కదా. ఇది దానికి తిరగేసిన వరస. నీళ్ళు పడ్డచోట అద్దం ఒక్కసారిగా వేడెక్కి సాగుతుంది, పక్కనేమో ఇంకా చల్లగా బిగిసే ఉంటుంది. అద్దానికి ఎక్కడైనా రాయి తగిలిన చిన్న గంటు ఉందంటే అక్కణ్ణుంచి చీలిక పాకిపోతుంది. పగలకపోయినా పోసిన నీళ్ళు కాసేపట్లో మళ్ళీ గడ్డకట్టి, కిందికి కారినవి కాళ్ళకింద అద్దంలా తయారవుతాయి. ఆ వయసులో జారిపడితే తుంటి ఎముక మాటేమిటి?

దీనికి స్క్రేపర్ అని పిడి ఉన్న ప్లాస్టిక్ పలక అమ్ముతారు. దానితో పైనుంచి కిందికి గీకితే అటుకుల్లా రాలిపోతుంది. స్టీలు అట్లకాడ ముట్టుకోకండి, గీతలు పడతాయి, రాత్రి ఎదుటి బండి లైటు పడినప్పుడు ఆ గీతలన్నీ మెరిసి కళ్ళు చెదురుతాయి. వెనకద్దంలో సన్నని గీతలు కనిపిస్తాయి చూడండి, అవి వేడెక్కే తీగలు, లోపలివైపు గీకితే తెగిపోతాయి. వైపర్లు అద్దానికి అతుక్కుని ఉంటే స్విచ్ వేయకూడదు, రబ్బరు చినుగుతుంది. రాత్రే వాటిని పైకి లేపి నిలబెడితే ఆ బాధ లేదు. పాత దుప్పటి కప్పుదామంటారేమో, తడిసిందంటే అదీ అద్దానికి అతుక్కుపోతుంది. దీనికోసమే అమ్మే కవరు కప్పడం నయం.

ఇంట్లో చేసుకునే మందూ ఒకటుంది. అక్కడి మందుల షాపులో దొరికే రబ్బింగ్ ఆల్కహాల్ రెండు పాళ్ళు, నీళ్ళు ఒక పాలు కలిపి స్ప్రే సీసాలో పోసుకుంటే సరి. అది అంత తొందరగా గడ్డకట్టదు, చల్లితే మంచు మెత్తబడి ఊడొస్తుంది. కానీ నిప్పంటుకునే సరుకు, పొయ్యి దగ్గర పెట్టొద్దు. అలాగే గ్యారేజీలో వైపర్‌కి పోసే నీలం నీళ్ళ డబ్బా ఉంటుంది. చూడ్డానికి షర్బత్‌లా ఉంటుంది గానీ అందులో మిథనాల్ అనే విషం కలుస్తుంది. నడక నేర్చిన పిల్లలుంటే దాన్ని అటక మీదికి ఎక్కించాల్సిందే.

ఇక బండి వేడిచేయడం. మన అంబాసిడర్ల కాలంలో పొద్దున్నే చోక్ లాగి, పది నిమిషాలు గుర్రుగుర్రుమనిపిస్తే గానీ కదిలేవి కావు. ఆ అలవాటు మన మగవాళ్ళకు ఇంకా పోలేదు. అప్పటి బండ్లకు కార్బురేటర్ ఉండేది, చలిలో పెట్రోలు సరిగా కలిసేది కాదు. ఇప్పటి బండ్లలో ఎంత పెట్రోలు పోవాలో కంప్యూటరే చూసుకుంటుంది. అరనిమిషం ఆగి మెల్లగా నడపడం మొదలుపెడితే ఇంజిన్ త్వరగా వేడెక్కుతుందని అమెరికా ఇంధన శాఖవాళ్ళే చెబుతారు. అంటే ఇంజిన్ కోసం ఆగనక్కర్లేదు, ఆగేదల్లా అద్దం కోసమే. డీఫ్రాస్ట్ బటన్ నొక్కి, వేడిగాలి అద్దం మీదికి వదిలి, ఆ అయిదు నిమిషాలు బయట గీకుతూ ఉంటే పని అయిపోతుంది. తొందరపడి ఎదురుగా అరచేయంత కంత గీక్కుని అందులోంచి చూస్తూ నడిపేవాళ్ళున్నారు, పక్కనుంచి వచ్చే మనిషి కనిపించడు. కప్పు మీది మంచు కూడా దులపాలి. న్యూజెర్సీలో దులపకుండా రోడ్డెక్కితే 25 నుంచి 75 డాలర్ల జరిమానా. మిచిగన్‌లోని రోజ్‌విల్‌లో 2017 జనవరిలో ఒకాయన ఇంటి ముందు కారు స్టార్ట్ చేసి వదిలి లోపలికి వెళ్ళినందుకు 128 డాలర్ల టికెట్ పడింది. దొంగలకు దారి అని ఆ చట్టం. జనం గోల పెట్టాక ఆ ఏడే సొంత స్థలంలో తప్పు లేదని మార్చారు లెండి.

జరిమానాలు పోతే పోయాయి. నేను ఇంతసేపూ చెప్పాలనుకున్నది వెనక సైలెన్సర్ గొట్టం సంగతి. 2016 జనవరి 23న న్యూజెర్సీలోని పసేయిక్ అనే ఊళ్ళో పెద్ద మంచు తుఫాను. ఒక కుటుంబం. ఆయన కారు చుట్టూ మంచు పారతో తీస్తున్నాడు. భార్యకు, ఇద్దరు పిల్లలకు చలేస్తుందని కారు స్టార్ట్ చేసి వాళ్ళను లోపల కూర్చోబెట్టాడు. వెనక గొట్టం మంచులో పూడుకుపోయి ఉంది. బయటికి పోవాల్సిన పొగ కారులోకి వచ్చింది. తల్లి, ఏడాది కొడుకు పోయారు. మూడేళ్ళ పాప ఆస్పత్రిలో కొన్ని రోజులుండి పోయింది. తండ్రి పక్కనే ఉన్నాడు. ఒక్క అరుపు లేదు, వాసన లేదు.

వదినమ్మలూ, సరిగ్గా ఇదే మనతో అంటారు. "అత్తమ్మా, చలిగుంది, మీరు బాబును పట్టుకొని బండ్ల కూసోండి, నేను మంచు తీసొస్తా" అని. ప్రేమతోనే అంటారు. అప్పుడు మనం ఒక్క మాట అడగాలి, "అల్లుడూ, ఎనుక గొట్టం కాడ మంచు తీసినవా?" అని. ముందు అక్కడ తీశాకే తాళం తిప్పాలి. ఇంకా మంచిది, మంచు మొత్తం తీసేదాకా బిడ్డతో ఇంట్లోనే ఉండండి.

ఆ పొగలో ఉండేది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. ఈ గాలి దాన్ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, మగత కనిపిస్తాయి. జలుబు జ్వరమేమో అనుకుంటాం గానీ ఒంట్లో వేడి ఉండదు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వెళితే తేలికపడిందంటే అనుమానించాల్సిందే. కడుపులో ఉన్న బిడ్డకు, పసివాళ్ళకు ఇంకా ప్రమాదం.

గ్యారేజీ తలుపు తెరిచే ఉంది కదా అనడానికీ లేదు. అయోవా స్టేట్ యూనివర్సిటీవాళ్ళు కొలిచి చూశారు. పెద్ద తలుపు తెరిచిపెట్టి రెండే నిమిషాలు కారు ఆన్‌లో ఉంచితే గ్యారేజీలో ఈ గాలి పది లక్షల్లో 500 వంతులకు చేరిందట. కారు బయటికి తీసిన పది గంటల తర్వాత కూడా ఇంకా తెలుస్తూనే ఉందట. అక్కడి ఇళ్ళలో గ్యారేజీ నుంచి నేరుగా వంటింట్లోకి తలుపుంటుంది. కాబట్టి బండిని ముందు బయటికి తీసి, అప్పుడు వేడిచేసుకోమనండి. తాళంచెవి తిప్పకుండా బటన్‌తో స్టార్టయ్యే బండ్లది ఇంకో తంటా. చప్పుడు లేదని ఆపామనుకుని లోపలికి పోతారు. అలా 2006 నుంచి రెండు డజన్ల మందికి పైగా చనిపోయారని 2018లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక రాసింది. బ్యాటరీతో నడిచే కార్లకు పొగ బాధ లేదు. ప్లగ్గులో ఉండగానే వేడిచేసుకోవచ్చు.

వెళ్ళగానే అమ్మాయిని అడగండి, పడకగదుల దగ్గర ఈ గాలికి అలారం పెట్టారా అని. ఎక్కువ రకాలు నాలుగు కూతలు, ఒక విరామం, మళ్ళీ నాలుగు కూతలుగా మోగుతాయి. అప్పుడు అందరూ బయటికొచ్చి 911కు ఫోన్ చేయాలి. ఎప్పుడో ఒకసారి కీచుమంటే మాత్రం బ్యాటరీ మార్చమని.

ఇది కారుతోనే వచ్చే గాలి కాదు సుమండీ. బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, సాంబ్రాణి వేసి, చల్లగాలి తగలకూడదని కిటికీలన్నీ బిడాయించడం మనకు అలవాటు. ఆ బొగ్గుల్లోంచి వచ్చేదీ ఇదే. ఉత్తరాదిన అంగీఠీ పెట్టుకుని తలుపులు మూసుకుని పడుకున్నవాళ్ళు పోయారని చలికాలంలో పేపర్లో చూస్తూనే ఉంటాం. అమెరికా ఇళ్ళకైతే చలికాలంలో గాలి చొరడానికి సందు కూడా ఉండదు. సాంబ్రాణి పొగ ముచ్చట అక్కడ వద్దు. తల తుడవడానికి డ్రయ్యర్ ఉంటుంది.

పసిబిడ్డకు లావుపాటి కోటు తొడిగి కారు సీటులో బెల్టు పెట్టొద్దని కూడా మా అమ్మాయి గట్టిగా చెప్పింది. బెల్టు బిగుతుగా ఉన్నట్టే ఉంటుంది గానీ కోటు అణిగితే వదులైపోతుంది. పల్చటి బట్టలతో బెల్టు బిగించి, దుప్పటి పైనుంచి కప్పాలి.

మన దారి సంగతీ కొంచెం. శంషాబాద్‌లో విమానం ఎక్కాలంటే పెబ్బేరు నుంచి మనం అర్ధరాత్రే బయల్దేరతాం. పాత ఏడో నంబరు హైవేను ఇప్పుడు 44 అంటున్నారు. ఇటు కర్నూలు ఆస్పత్రికి పోయినా అదే రోడ్డు. బీచుపల్లి దగ్గర కృష్ణ బ్రిడ్జి మీద తెల్లవారుజామున మంచు కమ్ముతుంది. కారులో ఏడుగురం ఇరుక్కుని, ఫ్లాస్కులో టీ పోసుకుంటూ, చలని అద్దాలన్నీ ఎత్తేస్తాం. మన ఊపిరిలో తేమంతా పోయి ముందద్దానికి పడుతుంది. డ్రైవరు చేత్తో తుడుస్తాడు, మరకలు పడి ఇంకా కనిపించదు. గాలి అద్దం మీదికి తిప్పి, ఏసీ వేసి, బయటి గాలి లోపలికి వచ్చే బటన్ నొక్కమనండి. చలికాలంలో ఏసీ ఏమిటని నవ్వకండి, అది గాలిలోని తేమను పీల్చేస్తుంది. ఏసీతో పాటు వేడీ పెట్టుకోవచ్చు. వానాకాలంలో అద్దం బయటివైపు మసకేస్తే ఏసీ చల్లదనం తగ్గించి వైపర్ వేస్తే పోతుంది. అద్దానికి ఆలుగడ్డ ముక్క రుద్దమని కొందరంటారు. నాకైతే నమ్మకం లేదు, ఆ గంజి మరకకు లైటు పడితే ఇంకా చెదురుతుంది. లోపలివైపు జిడ్డు లేకుండా తడి పేపరుతో తుడిచి ఆరనిస్తే మసక తక్కువ పడుతుంది. బయట మంచు కమ్మినప్పుడు పెద్ద లైటు వేస్తే తెల్లగోడలా ఎదురుకొడుతుంది, కింది లైటే వేయాలి.

మనల్ని దింపి తిరిగొచ్చే డ్రైవరు హైవే పక్కన బండి ఆపి, అద్దాలెత్తి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి కునుకు తీస్తాడు. ముందే చెప్పి పంపండి. నిద్రొస్తే ఇంజిన్ ఆపి, అద్దం నాలుగు వేళ్ళు దించి పడుకోమనండి. దోమలు కుడతాయంటాడు, కుడితే కుట్టనీయమనండి.