కొలత తప్పిన బోల్టు

ఎడ్లబండి నడిచిన రోజుల్లో చక్రం ఇరుసు మీదనుంచి జారిపోకుండా కాపాడినది కడచీల. యుద్ధంలో దశరథుని రథానికి కడచీల ఊడిపోతే కైక తన వేలిని అడ్డుపెట్టిందని మన హరికథల్లో చెబుతారు. మోటారు బండికి ఆ కడచీల పని చేసేవి వీల్ స్టడ్లు. మన పల్లెల్లో వీటినే వీల్ బోల్టులు అంటారు. చూడటానికి వేలెడంత ఇనుపముక్క. బండిలో ఉన్నవారి ప్రాణాలు దానిమీదనే ఆధారపడి ఉన్నాయన్న సంగతి చాలామందికి గుర్తుండటం లేదు.

పాత జీపు కొని, విప్పి, మళ్ళీ కొత్తగా కూర్పించుకునే ముచ్చట మన పల్లెల్లో పలువురికి ఉంది. డొంకదారుల్లో, పొలాల బాటల్లో నడవడానికి అంతటి బండి మరొకటి లేదన్నది వారి నమ్మకం. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. అయితే ఇంజను ఒక బండిది, ఇరుసు మరొక బండిది, హబ్బు విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల గుట్టలోనుంచి ఏరి తెచ్చినది. పెయింటుకూ, సీట్లకూ వేలకు వేలు పోసినవారే విరిగిన బోల్టు దగ్గరకు వచ్చేసరికి ‘ఏదో ఒకటి సరిపెట్టు’ అంటున్నారు. ఆ బండిలో ఎక్కేది ఇంట్లో ఆడవారు, పిల్లలు, మిరపకాయ కోతకు వెళ్ళే కూలీలు. చిక్కంతా ఇక్కడే ఉంది.

మహీంద్రా సంస్థ 1947లో మన దేశంలో విల్లీస్ జీపులను కూర్చడం ప్రారంభించింది. అవి అమెరికా నమూనా బండ్లు కనుక కొలతలన్నీ అంగుళాల్లోనే ఉండేవి. చక్రానికి 5 బోల్టులు. ఒక్కొక్కటి అరంగుళం లావు. అంగుళం పొడవుకు 20 మరచుట్లు. తరువాతి కాలంలో దేశం మెట్రిక్ కొలతలకు మారింది. ఆ తరువాత వచ్చిన ఎన్నో బండ్లకు 12 మిల్లీమీటర్ల బోల్టులు వాడారు. వాటిలో చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం కొన్నింటికి 1.25, మరికొన్నింటికి 1.5 మిల్లీమీటర్లు. ఒకే దుకాణంలో, ఒకే డబ్బాలో ఈ రెండు తరాల బోల్టులూ కలిసిపోయి ఉంటే ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

అరంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. పన్నెండుకూ దానికీ తేడా ఒక మిల్లీమీటరైనా లేదు. అది కంటికి ఆనదు. అంగుళానికి 20 చుట్లంటే చుట్టుకు 1.27 మిల్లీమీటర్లు. అది 1.25కు ఎంత దగ్గరో వేరే చెప్పనక్కరలేదు. అందువల్ల పాత జీపు నట్టు 12 మిల్లీమీటర్ల సన్నమర బోల్టుపై ఇట్టే ఎక్కుతుంది. చూసినవారు ‘సరిపోయింది’ అనుకుంటారు. నిజానికి మరచుట్ల కొనలు మాత్రమే ఒకదానినొకటి పట్టుకుంటాయి. బిగించేటప్పుడే చుట్లు చెరిగిపోతే అదృష్టమనుకోవాలి. నిండు బండితో వెళుతుండగా చెరిగిపోతే ఏమి జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

పాత జీపుల్లో మరో విశేషం ఉంది. విల్లీస్ జీపుకు ఎడమవైపు చక్రాల బోల్టులకు ఎడమ మర ఉండేది. చక్రం తిరిగే జోరుకు నట్టు వదులు కాకూడదన్న ఉద్దేశంతో అలా చేశారు. ఈ సంగతి తెలియక మామూలు బోల్టు అనుకొని విప్పబోయి మరింత బిగించి విరగ్గొట్టినవారు ఉంటారు. పానాకు గొట్టం తగిలించి లాగబోయే ముందు మర ఏవైపు తిరిగి ఉన్నదో చూడటం మంచిది.

కాబట్టి కొత్త బోల్టు కొనబోయేవారు అయిదు సంగతులు కొలిపించుకోవాలి. మొదటిది మర లావు. రెండవది చుట్ల మధ్య దూరం. మూడవది హబ్బులో బిగుసుకునే మెడ లావు. బోల్టు తల కింద నిలువు గాట్లతో ఉండే ఈ మెడ, హబ్బు రంధ్రం కంటే పిసరంత లావుగా ఉండాలి. అప్పుడే బోల్టు తనంతట తాను తిరగకుండా నిలుస్తుంది. పాత బోల్టు మెడ అరిగి ఉండవచ్చు కనుక రంధ్రాన్ని కూడా కొలవాలి. నాలుగవది పొడవు. నట్టు బిగించిన తరువాత కనీసం బోల్టు లావుకు సమానమైన పొడవున మర పట్టి ఉండాలి. అల్యూమినియం చక్రాలు వేయించుకునేవారు ఈ సంగతి మరవకూడదు. అవి రేకు చక్రాలకంటే మందం. అయిదవది నట్టు కూర్చునే చోటు. ఏటవాలు నట్టుకు ఏటవాలు రంధ్రం, గుండ్రని నట్టుకు గుండ్రని రంధ్రం ఉండాలి. ఇది కలవకపోతే ఎంత బిగించినా బిగువు నిలవదు.

మెడ వదులైతే వెల్డింగు చుక్క పెట్టి సరిపెట్టడం కొందరికి అలవాటు. ఇది చాలా తప్పు. ఈ బోల్టులను వేడిచేసి పదును పెట్టిన ఉక్కుతో తయారు చేస్తారు. వెల్డింగు వేడికి ఆ పదును పోతుంది. తలపై 10.9 అన్న అంకె ఉన్న బోల్టు స్థానంలో గేటుకు వాడే మామూలు బోల్టు వేయడమూ ఇటువంటిదే. అసలు చక్రాన్ని మోసేది నట్టు బిగువువల్ల చక్రానికీ హబ్బుకూ మధ్య కలిగే పట్టు. బిగువు సడలితే బరువంతా బోల్టుపై పడుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ అది వంగుతూ లేస్తూ చివరకు పుటుక్కున విరుగుతుంది. ఒకటి విరిగితే దాని పక్కవి కూడా అప్పటికే అలసిపోయి ఉంటాయి. వాటినీ మార్చడమే క్షేమం.

కొత్త బోల్టుపై నట్టు వేళ్ళతోనే చివరిదాకా నడవాలి, ఊగకూడదు. ఎదురెదురు నట్లను బిగించుకుంటూ పోవాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మళ్ళీ ఒకసారి బిగువు చూడాలి. వీటిలో ఏ ఒక్కటీ ఖర్చుతో కూడిన పని కాదు.

స్పేరు పార్టుల దుకాణదారులకు ఒక మాట. ఒక వెర్నియరు, ఒక మరకొలత గేజి బల్లమీద ఉంచుకోవడం భారమేమీ కాదు. కొనవచ్చిన రైతు చేతిలోని పాత బోల్టును కొలిచి ఇవ్వడం వారి ధర్మం. అంగుళాల సరుకును, మిల్లీమీటర్ల సరుకును వేరు వేరు డబ్బాల్లో పెట్టాలి. పల్లెల్లోని మెకానిక్కులు పనితనంలో ఎవరికీ తీసిపోరు. ఐటిఐలు వారికోసం రెండు రోజుల శిక్షణ ఏర్పాటు చేస్తే ఎంతో మేలు జరుగుతుంది. రవాణాశాఖ అధికారులు తనిఖీల్లో కాగితాలతోపాటు చక్రాలవైపు కూడా దృష్టి సారించాలి.

బండి యజమానులు కూడా చట్టాన్ని గమనించాలి. తయారీదారు నిర్ణయించిన మూల లక్షణాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధిస్తున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. పాత జీపును పాత కొలతలతోనే నిలబెట్టుకోవడం అందుకు కూడా శ్రేయస్కరం.

కైక వేలు కథలో రథాన్ని నిలబెట్టింది. మన దారుల్లో ఊడిన చక్రానికి ఎవరి వేలూ అడ్డుపడదు. ఇల్లు కాలిన తరువాత బావి తవ్వడంకంటే, బోల్టు కొనేముందు కొలవడం తేలిక.