ముందు భర్తకు పరీక్ష జరగాలి!



పెళ్లయి రెండేళ్లయినా కడుపు పండకపోతే మన ఇళ్లలో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. కోడలిని ఆస్పత్రుల చుట్టూ తిప్పుతారు. స్కానింగులు, రక్త పరీక్షలు, ట్యూబుల ఎక్స్‌రే, చివరికి మత్తిచ్చి లాప్రోస్కోపీ కూడా చేయిస్తారు. కొడుకును మాత్రం ఎవరూ కదిలించరు. "మావాడికేం, దుక్కలా ఉన్నాడు" అంటారు. పరీక్ష మాటెత్తకుండానే రెండో సంబంధం వెతికే ఇళ్లూ ఉన్నాయి.

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో భర్త వైపు లోపం ఉంటుంది. కొందరిలో అదొక్కటే కారణం, కొందరిలో భార్య సమస్యకు అదీ తోడవుతుంది. ఒంటి బలాన్ని బట్టి, కాపురం సాగే తీరును బట్టి వీర్యకణాల లెక్క తేలదు. పరీక్షలోనే తేలాలి.

ఆ పరీక్షకు సూది లేదు, కోత లేదు. 2 నుంచి 7 రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉండి, ల్యాబ్ ఇచ్చిన డబ్బాలో వీర్యం ఇస్తే చాలు. కణాల సంఖ్య, కదలిక, ఆకారం చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణాల ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు కనీస హద్దు. అంతకు తగ్గినంత మాత్రాన కుంగిపోవద్దు. జ్వరం వచ్చినా కొన్నాళ్లు సంఖ్య పడిపోతుంది. కొత్త కణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కనుక, సాధారణంగా మూడు నెలలకు మళ్లీ పరీక్షిస్తారు. వేరికోసీల్ (వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం), హార్మోన్ల లోపం, పొగాకు, జిమ్‌లో తీసుకునే టెస్టోస్టిరాన్ ఇంజక్షన్లు వంటి కారణాల్లో సరిదిద్దగలిగేవి చాలానే ఉన్నాయి.

భార్యకు పరీక్షలు వద్దని కాదు. అండం విడుదలవుతోందా, థైరాయిడ్, ప్రొలాక్టిన్ ఎలా ఉన్నాయి, గర్భసంచి బాగుందా అన్నవి చూడాల్సిందే. మన దేశంలో పైకి కనిపించని క్షయ కూడా ట్యూబులను మూసేస్తుంది. అయితే భర్త రిపోర్టు చేతికి రాకముందే రంగుమందు ఎక్కించి ట్యూబుల ఎక్స్‌రే తీస్తే, ఆమె పడే నొప్పి వృథా కావచ్చు.

అందుకే మేము కోరుతున్నాం:

1. మొదటి రోజే డాక్టర్లు దంపతులిద్దరినీ చూడాలి. వేరే జబ్బు అనుమానం ఉంటే తప్ప, వీర్య పరీక్ష ఫలితం రాకుండా భార్యకు ట్యూబుల ఎక్స్‌రే, లాప్రోస్కోపీ చేయకూడదు.

2. ప్రతి ఏరియా ఆస్పత్రిలో ప్రభుత్వం వీర్య పరీక్ష ఉచితంగా చేయించాలి. శిక్షణ పొందిన టెక్నీషియన్‌ను, నమూనా ఇవ్వడానికి చాటైన గదిని ఏర్పాటు చేయాలి.

3. ఐవీఎఫ్ కేంద్రాలు వాటి నియంత్రణకు తెచ్చిన 2021 చట్టం ప్రకారం రిజిస్టరై ఉండాలి. లోపం ఎవరిలో, ఏమిటి, చికిత్స ఫలించే అవకాశమెంత అన్నది దంపతులకు తెలుగులో రాసివ్వాలి.

దంపతులారా! ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే డాక్టరును కలవండి. భార్యకు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లండి. నెలసరి సరిగా రాకపోతే అంతవరకూ కూడా ఆగవద్దు. అన్ని పరీక్షలూ బాగుండి కూడా కారణం తేలని జంటలున్నాయి. అది ఎవరి తప్పూ కాదు.

భర్తలారా! భార్యను ఒంటరిగా పంపకండి. వెంట వెళ్లండి, మొదటి పరీక్ష మీరే చేయించుకోండి.