తొక్కిపెట్టిన సినిమాలకూ తెర కావాలి

లండన్‌లో పోలండ్ సాంస్కృతిక సంస్థ 2003 నుంచి నడుపుతున్న ‘కినోతెకా’ చిత్రోత్సవం వలస వెళ్లిన పోలండ్ వాసులకే పరిమితం కాదు. ఆ భాష ఒక్క ముక్క రానివారినీ థియేటర్‌కు రప్పిస్తోంది. మెచ్చుకోదగిన కృషి.

ఇలాంటి ప్రయత్నమే అమెరికాలోనూ జరిగింది. 2014లో దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ 21 పోలిష్ చిత్రాలను ఎంపిక చేసి, పునరుద్ధరించిన ప్రతులతో అమెరికా ప్రేక్షకుల ముందుకు తెచ్చారు. వాటిలో పోలండ్ దర్శకుడు కీస్లోవ్‌స్కీ తీసిన ‘బ్లైండ్ చాన్స్’ ఒకటి. కదిలిపోతున్న రైలు వెంట ఒక కుర్రాడు పరుగెడతాడు. అక్కడినుంచి కథ మూడు దారులుగా చీలుతుంది. రైలు అందితే కమ్యూనిస్టు పార్టీలో చేరతాడు. అందక, స్టేషన్ గార్డుతో పెనుగులాడితే ప్రభుత్వ వ్యతిరేకులతో కలుస్తాడు. మూడోసారి రైలూ అందదు, గొడవా జరగదు. ఏ పక్షమూ పట్టని డాక్టరుగా స్థిరపడతాడు. 1981లో తీసిన ఈ సినిమాను పాలకులు తొక్కిపెట్టారు. 1987 దాకా అది విడుదలకు నోచుకోలేదు.

కినోతెకాలా సర్కారు సొమ్ముతో జరిగే ఉత్సవాలకు అసలు పరీక్ష ఇక్కడే. 2015లో ఆస్కార్ గెలిచిన పోలిష్ చిత్రం ‘ఇడా’ మీద సైతం, దేశాన్ని అవమానించిందంటూ సొంతగడ్డపై జాతీయవాదులు విరుచుకుపడ్డారు. అలాంటి చిత్రాలను పరాయి దేశంలో ధైర్యంగా చూపినప్పుడే ఉత్సవానికి విలువ. ఎంపిక అధికారుల చేతుల్లో కాక, సినిమా ఎరిగినవారి చేతుల్లో ఉండాలి. ప్రదర్శనకు ముందు ఓ ఐదు నిమిషాలు పోలండ్‌లో ‘బ్లైండ్ చాన్స్’ను తొక్కిపెట్టిన నాటి సైనిక శాసనం గురించి, సెన్సార్ గురించి చెప్పే ఏర్పాటూ చేయాలి.